బడి తోటకు వేసవి సెలవులు

ఏటా వేసవిలో టీవీ వార్తల్లో మా ఊరి పేరు వారం పది రోజులు మారుమోగుతుంది. మేము చేసిన ఘనకార్యమేమీ లేదు. విమానాశ్రయం దగ్గర ఎండ కొలుస్తారు కనుక ‘గన్నవరంలో 44, గన్నవరంలో 45’ అని చదువుతారు, బెజవాడ వాళ్ళు ఫ్యాను కింద కూర్చుని ఉసూరంటారు. అలాంటి ఒక మే నెల పొద్దున, పదిన్నర దాటాక, పని మీద పోతూ పోతూ ఒక బడి గేటు దగ్గర బండి ఆపాను. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. లోపల జెండా దిమ్మె చుట్టూ ఇటుకల్ని మూలగా పాతి సున్నం కొట్టారు. ఇటుకల మధ్య ఉండాల్సిన మొక్కలు పుల్లలైపోయాయి. ఒక్క బిళ్ళగన్నేరు మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా పూసేస్తోంది. రేకు మీద ‘మా బడి తోట’ అని ఎర్ర రంగు అక్షరాలు. అవతల వంటగది పక్కన ఒక మునగ చెట్టు పచ్చగా ఉంది. దాని పాదు తడిగా ఉన్నట్టు అనిపించింది. తాళం వేసిన బడిలో తడి ఎక్కడిది అనుకుంటూనే ఎండకు తాళలేక కదిలాను.

సరిగ్గా ఇవే నెలల్లో ఇంగ్లండులో తోటల గేట్లు తెరుస్తారు. 1927లో ఎల్సీ వాగ్ అనే ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి రోగుల్ని చూసే నర్సుల కోసం డబ్బు పోగు చెయ్యాలి. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు ఒక్కరోజు తమ తోటలోకి జనాన్ని రానిస్తే, తలకు ఒక షిల్లింగు పుచ్చుకుంటే ఎలా ఉంటుంది? ఆ ఏడు 609 తోటలు తెరిచారు. 8,000 పౌన్లు దాటి వచ్చాయి. ఆ అలవాటు పాతుకుపోయి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కాలేజీల తోటలు కూడా ఆ వరసలో చేరాయి. వేసవి ఆదివారం నాడు టిక్కెట్టు కొనుక్కుని, కాలేజీ గులాబీలు చూసి, టీ తాగి ఇంటికి పోవడం అక్కడ ఒక కాలక్షేపం.

వాళ్ళకు తోట చూడాల్సిన కాలం మనకు తోట చచ్చిపోయే కాలం. మన రాష్ట్రంలో ఏప్రిల్ 24న సెలవులిస్తే మళ్ళీ జూన్ 12న బడి. లెక్కేస్తే 49 రోజులు. పిల్లలు చేత్తో పెంచిన ఏ మొక్కకైనా గండం ఆ 49 రోజుల్లోనే. బడి తోట చరిత్ర రాసిన వాళ్ళందరూ ఎవరు నాటించారో రాశారు. నాకు మాత్రం ఆ గేటు దగ్గర నిలబడ్డప్పటి నుంచీ ఒకటే అనుమానం: సెలవుల్లో నీళ్ళెవరు పోశారు? ఈ కథంతా ఆ అనుమానంతోనే చెబుతున్నాను.

మన పాత వీధిబడికి తోట లేదు. అరుగు ఉండేది, ఇసక ఉండేది, పంతులుగారి పెరట్లో పాదులకు నీళ్ళు తోడే పని శిష్యులకు ఉండేదేమో గానీ దాన్ని ఎవరూ చదువు అనలేదు. మొక్కను పాఠంగా చూడటానికి పెంచిన తోట తెలుగు నేల మీద ఎక్కడ మొదలైందంటే సామర్లకోట పేరు చెప్పాలి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు, ఈస్టిండియా కంపెనీ కొలువులో, 1781 ప్రాంతం నుంచి 1793లో కలకత్తా వెళ్ళేదాకా అక్కడ ఉన్నాడు. కంపెనీ తోట నడిపాడు. మిరియం పెరుగుతుందా, నీలిమందు మొక్క ఏది మంచిది, ఇదీ పైవాళ్ళకు కావలసిన లెక్క. ఆయన ఆసక్తి దాన్ని దాటిపోయింది. కనబడిన ప్రతి మొక్కనూ స్థానిక చిత్రకారుల చేత బొమ్మ వేయించాడు, ఆ మొక్కను ఇక్కడి జనం ఏమంటారో అడిగి తెలుగు పేరు రాసుకున్నాడు. ఆ బొమ్మల్లోంచి ఏరినవి 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా అచ్చయ్యాయి. మనం సోమిద అనే చెట్టు శాస్త్రీయ నామం ఇవాళ్టికీ ‘సోయ్‌మిడా’. ఎవరో చెట్లు కొట్టుకునేవాడు చెప్పిన మాట లాటిన్‌లోకి ఎక్కి కూర్చుంది.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఇంకో పని కూడా చేశాడు. రోజుకు మూడు పూటలా ఎండనూ వాననూ కొలిచి రాసుకున్నాడు. మా విమానాశ్రయం లెక్కకు తాతలాంటి లెక్క అది. 1789 నుంచి మూడు నాలుగేళ్ళు వానలు మొహం చాటేసి ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఆ లెక్కలు ఆయన చేతిలో ఉన్నాయి. కొబ్బరి, పనస, ఖర్జూరం, సగ్గుబియ్యపు చెట్టు లాంటివి కాలవ గట్ల మీదా ఊళ్ళ చుట్టూ వేయిస్తే వానలు తప్పినా నోటికింత దొరుకుతుందని పైకి రాశాడు. తోట అంటే కంటికి ఇంపు అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర తోట గురించి ఆలోచన మొదలైందే ఆకలి పక్కన.

అసలు చదువుకీ తోటకీ ముడి పెట్టిన వాళ్ళు ఇటలీ వాళ్ళు. పీసాలో 1544, పాదువాలో 1545. వైద్యం చదివే కుర్రాళ్ళు ఒక మూలిక అనుకుని ఇంకోటి ఇచ్చి మనుషుల్ని చంపకుండా, నిజం మొక్కను చూసి గుర్తుపట్టడం నేర్పాలని విశ్వవిద్యాలయాలు వేసుకున్న మందుమొక్కల తోటలవి. పాదువా తోట వేసిన చోటే ఇప్పటికీ ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 1621లో వేశారు. చిన్నపిల్లల బడికి కూడా తోట ఉండాలని పదిహేడో శతాబ్దంలో కొమేనియస్ అనే పండితుడు రాశాడు గానీ, రాసినంత మాత్రాన ఎవరు వేస్తారు? రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఆ పని చేపట్టినవాడు ఫ్రోబెల్. జర్మనీలో 1837లో చిన్నపిల్లల బడి పెట్టి, దానికి పేరు దొరక్క మూడేళ్ళు తన్నుకులాడి, 1840లో ‘కిండర్‌గార్టెన్’ అన్నాడు. పిల్లల తోట అని అర్థం. మనం బెజవాడ సందుల్లో నాలుగో అంతస్తులో, ఏసీ గదిలో, ఏడాదికి అరవై వేలు కట్టి చదివించే ఎల్‌కేజీలో ‘జీ’ అంటే తోట. చిన్నప్పుడు మేము కేజీ అంటే కిలోగ్రాము అనుకునేవాళ్ళం, ఇప్పుడు చూస్తే మా అర్థమే నయం, పుస్తకాల బరువుకైనా సరిపోతుంది. ఫ్రోబెల్ మాటవరసకు తోట అనలేదు. నిజంగానే మడులు గీశాడు. మధ్యలో ఒక్కొక్క బిడ్డకూ ఒక చిన్న మడి, అందులో వాడిష్టం. చుట్టూ అందరివీ కలిసి ఉమ్మడి మడులు. ఏ మడి ఎవరిదో, ఏ మొక్క పేరేమిటో తెలిసేలా పేర్ల పలకలు. ఈ పేర్ల పలకల సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత ప్రభుత్వాలు దిగాయి. ఆస్ట్రియా 1869లో చేసిన బడి చట్టంలో పల్లెటూరి బడికి వీలైన చోటల్లా తోట ఉండాలన్నారు. అమెరికా నుంచి హెన్రీ క్లాప్ అనే హెడ్మాస్టరు 1890లో యూరప్ వెళ్ళి ఆ తోటలన్నీ చూసొచ్చి, మరుసటి ఏడు బోస్టన్‌లో తన బడి వెనక అడవి పూల తోట వేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో అక్కడ పిల్లలతో ‘బడి తోట సైన్యం’ అనే పేరిట కూరగాయలు పండించారు. తిండికి కటకట వచ్చినప్పుడల్లా దొరలకైనా మనకైనా బడి ఖాళీ స్థలం గుర్తుకొస్తుంది.

మాంటిస్సోరి గురించి చెప్పకుండా బెజవాడ వైపు రాలేను. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం వచ్చిపడి 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. బెజవాడలో వేగె కోటేశ్వరమ్మగారు 1955లో బడి పెట్టినప్పుడు ఆ పేరే పెట్టారు, ఆ పేరు ఇప్పుడు మా పక్క ఎంత వాడుకైందంటే ఆడపిల్లల కాలేజీకి కూడా ‘మాంటిస్సోరి’ అంటేనే ఆటోవాడికి తెలుస్తుంది. బిడ్డకు మొక్క ఎందుకు అప్పగించాలో ఆ ఇటలీ డాక్టరమ్మ చెప్పిన కారణం అందరికంటే సూటిగా ఉంటుంది. తాను నీళ్ళు పొయ్యకపోతే ఇది వాడిపోతుందని పసివాడికి తెలుస్తుంది. రేపటి సంగతి ఇవాళే ఆలోచించడం ఎవరూ బెత్తం పట్టుకుని నేర్పకుండానే వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆవిడ ఊహించిన బిడ్డకు 49 రోజుల సెలవులున్నట్టు లేదు.

ఇక మన వాళ్ళు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకం చదివే చేతికి పనిముట్టు కూడా పట్టడం రావాలని వాళ్ళ పట్టుదల. ఉత్తరాన టాగూరు శాంతినికేతనంలో చెట్టు కింద పాఠం చెప్పడంతో ఆగకుండా 1928 జులైలో మొక్క నాటడాన్నే పండగ చేశాడు. పల్లకిలో మొక్కను ఊరేగించడం, పాటలు, నాట్యం. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు పెద్దల్ని పోగేసి బడిని చేతిపని చుట్టూ తిప్పాలన్నారు. జాకిర్ హుసేన్ సంఘం పాఠ్యప్రణాళిక రాసింది. నూలు వడకడం, వడ్రంగం పక్కన పళ్ళ తోట, కూరగాయల తోట కూడా ఒక వృత్తిగా అందులో ఉంది. పిల్లలు చేసినది అమ్మితే పంతులి జీతం గిట్టాలనేది గాంధీగారి లెక్క. వినడానికి మొండిగా ఉంటుంది గానీ, ఆ లెక్కలో ఒక కిటుకు ఉంది: తోట మీద జీతం ఆధారపడితే వేసవిలో నీళ్ళు పోసేవాడు దానంతట వాడే పుట్టుకొస్తాడు. ఆ కిటుకును మన బేసిక్ బడులు నిలబెట్టుకోలేకపోయాయి. చేతిపని మార్కుల పనైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయాక ‘తిండి ఎక్కువ పండించండి’ అనే ప్రచారం వచ్చింది. బెండ, వంగ, ఎక్కడ జాగా ఉంటే అక్కడ వేయమన్నారు. మా గన్నవరంలో విమానాలు దిగడానికి రన్‌వే వేసిన రోజులూ అవే. ఒకపక్క పార పట్టమంటూ, ఇంకోపక్క నేల చదును చేసి గట్టిగా కొట్టించారు.

1950 జులైలో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మన బడుల్లో తోట అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ రోజే. తొలకరి పడ్డాక లారీలో మొక్కలు దిగుతాయి, మాస్టారు గుంతలు తీయిస్తారు, పెద్దాయనెవరో వచ్చి చేతికి మట్టి అంటకుండా నాటుతాడు, ఫోటో. జులై నెల ఎంచుకోవడం తెలివైన పనే. అయితే జులైలో నాటిన కానుగ మొక్కకు మొదటి పరీక్ష మరుసటి మే నెల. ఆ నెల్లో ఫోటోగ్రాఫరు రాడు. అదే గుంతలో మళ్ళీ జులైలో ఇంకో కానుగ. ఒకే గుంతలో ముగ్గురు మంత్రులు నాటిన బడి కూడా ఉంటుంది, లెక్క తీస్తే.

తర్వాతి పేర్లు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పేర్లు మారాయి గానీ పార అదే. కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యం’ అంది. మేము ఆ పీరియడును ఎస్‌యూపీడబ్ల్యూ అనేవాళ్ళం, దాని విస్తరణ మాలో ఎవరికీ తెలీదు, తెలిసిందల్లా ఆ గంటలో బయటికి పోనిస్తారని. 2001లో జాతీయ హరిత దళం వచ్చి ఎకో క్లబ్బులు పుట్టాయి. 2019లో బడుల్లో పోషక తోటలు వేయండి, మధ్యాహ్న భోజనంలోకి ఆకుకూరైనా అక్కడే పండించండి అని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

నాకు వీటన్నిటిలోకీ ఈ ఆఖరిదే బుద్ధిగల పనిగా తోస్తుంది. దానికి కారణం మార్గదర్శకాల్లో లేదు, వంటగది వెనక ఉంది. 2003 జనవరిలో మన బడుల్లో వేడివేడి అన్నం పెట్టడం మొదలైంది. అన్నం పెడితే పిల్లలు చేతులు కడగాలి, కంచాలు కడగాలి. బియ్యం కడగాలి. నూట యాభై మంది పిల్లలున్న బడిలో ఆ నీళ్ళెన్నో మీరే ఊహించుకోండి. కుళాయిల కింద చిన్న కాలవ తీస్తే అరటికీ మునగకూ కరివేపకూ ఎవరూ బిందె ఎత్తక్కర్లేదు. బడి తోట మొట్టమొదటిసారి తన నీళ్ళు తాను తెచ్చుకుంది, అదీ పిల్లవాడి కంచంలోంచి. బియ్యం కడుగు పడిన కరివేపాకు నవనవలాడుతుందని మా ఇళ్ళలో ఎవరికి తెలీదు? అయితే ఏప్రిల్ 24న అన్నం ఆగుతుంది. అన్నంతో పాటు కాలవా ఆగుతుంది. వంట చేసే ఆడవాళ్ళకు ఇచ్చే గౌరవ వేతనం కూడా ఏడాదిలో పది నెలలకే. చెట్టుకు మాత్రం పన్నెండు నెలలూ దాహం.

మా ఊరికి ఇంకో చిక్కు ఉంది. కృష్ణకు ఆనకట్ట కట్టింది 1855లో. ఏలూరు కాలవ బెజవాడ నుంచి ఏలూరు దాకా గీత గీసినట్టు పోతుంది. దానికి దక్షిణంగా వరి, ఉత్తరంగా నూజివీడు వైపు మెట్ట, మామిడి. గన్నవరం ఆ గీత మీద కూర్చుంది. కాలవ కింద ఉన్నవాళ్ళం కదా, నీళ్ళకేం లోటు అనుకుంటారు బయటివాళ్ళు. రబీ కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. కట్టే ముందు ‘మంచినీళ్ళ చెరువులు నింపుకోండి’ అని చాటింపు. ఆ తర్వాత మళ్ళీ వదిలేది జూన్‌లోనో, ఇంకా తర్వాతో. అంటే కాలవకూ బడికీ సెలవులు ఒకేసారి. డెల్టాలో బడి తోట ఎండిపోవడం వెనక ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉంది.

ఇప్పుడు నా సొంత గోడు. మేము ఏడో తరగతిలో ఉండగా మా సైన్సు మాస్టారు ఒక్కొక్కరికి ఒక మొక్క అప్పగించారు. ఫ్రోబెల్ పేరు ఆయన విన్నారో లేదో తెలీదు గానీ చేసింది అచ్చం అదే. డాల్డా డబ్బా రేకును కత్తిరించి, మేకుతో చిల్లులు పొడిచి, ఆ చిల్లులతోనే మా పేర్లు రాయించారు. వర్షానికి పోని పేరు. నాకు జామ మొక్క వచ్చింది. పాదు తియ్యడం ఆయనే నేర్పారు. మొదలు దగ్గర మట్టి కాస్త ఎత్తుగా, కాండానికి నీళ్ళు తగలకుండా, చుట్టూ జానెడు దూరంలో పళ్ళెంలా గుంట, అంచున గట్టు. గట్టు తెగితే నీళ్ళు పక్కవాడి మొక్కకు పోతాయి, పోతే దెబ్బలాట. అర్ధసంవత్సర పరీక్షలప్పటికి నా జామ మోకాలి ఎత్తు లేచింది.

ఏప్రిల్‌లో మాస్టారు ఒక కాగితం మీద వంతులు రాశారు. ఊళ్ళో ఉండేవాళ్ళు రోజుకు ఇద్దరు, బడి బోరింగు కొట్టి అందరి మొక్కలకూ పొయ్యాలి. నాది గురువారం. మొదటి గురువారం పోశాను. రెండో గురువారానికి మా అమ్మమ్మ ఊళ్ళో చిన్న రసాలు పిసుక్కుని తాగుతున్నాను. నేనొక్కణ్ణే కాదు, శుక్రవారం వాడూ, సోమవారం వాళ్ళూ అంతే. జూన్‌లో వచ్చి చూస్తే రేకులు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి, శ్మశానంలో పలకల్లాగా. మాస్టారు ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

వాచ్‌మన్ గుడిసె పక్క వరసలో మాత్రం ఏడెనిమిది మొక్కలు బతికాయి. అతని భార్య గిన్నెలు తోమిన నీళ్ళు తెచ్చి పోసేదట. మధ్యలో ఉన్న ఖాళీల్లో నాలుగు తోటకూర విత్తనాలు చల్లుకుంది, కోసి వండుకుంది, మిగిలింది పక్కింటివాళ్ళకు అమ్మింది. బడి స్థలంలో సొంత వ్యాపారమని ఎవరో పెద్దమనుషులు ఫిర్యాదు చేశారు. తోటకూర పీకించారు. మరుసటి వేసవి ఆ వరస కూడా ఎండిపోయింది. ప్రతి మొక్క ముందూ ఒక పేరు ఉన్న తోట అది. ఆవిడ పేరు మాకెవరికీ తెలీదు, వాచ్‌మన్ భార్య అనేవాళ్ళం.

కాలేజీల సంగతి కొంచెం మెరుగు. అక్కడ తోట చదువులో భాగం, దానికొక ఖాతా ఉంటుంది, మాలి ఉంటాడు. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చినప్పుడు కాలేజీ అంటే పొలమే. 1953లో నెలకొల్పిన బెజవాడ ఆంధ్ర లయోలా కాలేజీ చెట్ల నీడ గురించి అక్కడ చదవని వాళ్ళు కూడా చెప్పుకుంటారు. వృక్షశాస్త్రం పంతుళ్ళు ఆ రోజుల్లో ఎంత చురుకైనవాళ్ళంటే, ఒకాయన బందరు హిందూ కాలేజీలో మొక్కల పాఠాలు చెబుతూ చెబుతూ దేవుడు లేడని కూడా చెప్పి, చివరికి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గోరా గారు. ఆ కథ వేరు.

మా ఊరి కాలేజీ తోట చూస్తే కొత్తవాళ్ళు తెల్లబోతారు. 1998లో వచ్చిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మాది. పశువుల చదువులో తోట అంటే గడ్డి. నేపియర్, జొన్న, అలసంద, గేదె ఏది ఇష్టంగా తింటుందో, ఏ కోతకు ఎంత ఎత్తు రావాలో, పిల్లలు నేర్చుకునేది ఇదీ. గులాబీల కోసం వచ్చినవాడికి అక్కడ చూడ్డానికేమీ ఉండదు. నాలుగు గేదెలున్న రైతు మాత్రం ఒక గడ్డి కణుపు అడిగి పుచ్చుకుపోతాడు, అది వాడి గట్టు మీద మొలుస్తుంది. తోట చూడటం అంటే నా దృష్టిలో అసలు అర్థం ఇదే, చూసినవాడి చేతిలో ఏదో ఒకటి మిగలడం. తెలంగాణలో జడ్చర్ల దగ్గర బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బోటనీ శాఖవాళ్ళు కాలేజీ స్థలంలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ అని పెంచారు. ఎక్కడెక్కడి అడవి మొక్కలో తెచ్చి, పేర్లు రాసి, చూడొచ్చిన వాళ్ళకు చెబుతారు. ప్రభుత్వ కాలేజీలో ఆ పని ఎంత కష్టమో అందులో పనిచేసినవాళ్ళకే తెలుసు.

మరి మనకు తోటలు చూసే రోజులు లేవా అంటే, ఉన్నాయి, ఇంగ్లండు వాళ్ళకంటే ముందు నుంచీ ఉన్నాయి. కార్తికం. ఉసిరి చెట్టు ఎక్కడుందో వెతుక్కుని, ఎవరి తోటైనా సరే అడిగి, గాడిపొయ్యి తవ్వి, పులిహోర కలిపి, విస్తళ్ళలో తినే వనభోజనాలు. నర్సుల నిధి లేదు, షిల్లింగు లేదు. బడులూ కాలేజీలూ పిల్లల్ని తోటలకు తోలుకుపోవడమూ అప్పుడే. నేలలో తడి ఉంటుంది, ఎండ వీపుకు హాయిగా ఉంటుంది. హైదరాబాదు బొలారంలో రాష్ట్రపతి నిలయం తోటను కూడా చాలా ఏళ్ళు చలికాలంలోనే కొద్ది రోజులు చూడనిచ్చేవారు. 2023 నుంచి ఏడాది పొడుగునా తెరుస్తున్నారు. మన వేసవిలో తోట తలుపు తెరిచేది ఒకే ఒక్కందుకు, మామిడి కాయల పాటకు. తోట ఉన్న సంస్థలు కాపు వేలం వేస్తాయి. పాడుకున్న వ్యాపారి కాపలా పెడతాడు. చూడ్డానికి వస్తే కర్ర చూపిస్తాడు.

నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, వేసవిలో ఒక్క ఆదివారం మన బడి తోటల గేట్లు కూడా తెరిస్తే ఏమవుతుందని. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, ఎండ ఎక్కకముందు. ఊరు ఊరంతా వచ్చి చూస్తుందంటే ఎండిన పుల్లల్ని చూపించడానికి ఏ హెడ్మాస్టరుకు మనసొప్పుతుంది? ఎవరో ఒకరికి నీళ్ళ పని పురమాయించక తప్పదు, పురమాయిస్తే కూలి ఇవ్వక తప్పదు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే మా బడి పాత విద్యార్థి ఒకాయనతో ఫోన్‌లో ఈ మాట అంటే, ‘ఎందుకన్నా అదంతా, ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించేద్దాం, నేను డబ్బు పంపుతా’ అన్నాడు.

మే చివర్లో మళ్ళీ ఆ దారిన పోవాల్సి వచ్చింది. ఈసారి కావాలనే పొద్దున్నే బయలుదేరాను. ఆరు కూడా కాలేదు. గేటుకు తాళం అలాగే ఉంది. లోపల వంటగది దగ్గర నీళ్ళ చప్పుడు. ప్రహరీ చుట్టూ నడిచి వెనక సందులోకి వెళితే, గోడకు మనిషి దూరేంత సందు, దాని పక్కన గోడకు చేరేసిన పాత సైకిలు. నలభై దాటిన ఆవిడ, కొంగు బొడ్లో దోపుకుని, ప్లాస్టిక్ బిందెతో మునగ పాదులో పోస్తోంది. కరివేప అప్పటికే అయిపోయింది. నన్ను చూసి మొదట కంగారు పడింది, ఆఫీసు మనిషిననుకుని. ఇక్కడ పిల్లలకు వండేది తనేనని, బళ్ళు తెరిచేసరికి కరివేపాకు బతికి ఉంటే సాంబారుకు బయట కొనక్కర్లేదని, నీళ్ళు ఎదురింటి వాళ్ళ పంపువని తనంతట తనే చెప్పింది. ఎన్ని బిందెలమ్మా అంటే పన్నెండు అంది.

పేరడిగాను. చెప్పింది. ఇక్కడ రాయొద్దంది, గోడ సందు సంగతి బయటపడితే పూడ్చేస్తారట. తర్వాత చెట్టు వైపు తలెత్తి చూసి, చీరకు చేతులు తుడుచుకుంటూ, “నాలుగు కాయలు కోసిమ్మంటారా బాబుగారూ? ముదిరిపోతే ఎవరికీ పనికిరావు” అంది.